రోహిణి కార్తెలో తడిసిన టేకు

"మా ఆయప్ప మూడు దినాలుగా కూడు ముట్టలేదమ్మా. కట్టె తడిసిపాయ. ఎట్ల తడిసిందో ఎవురికీ తెల్దు. తప్పు మాత్రం ఆయప్పదే అంటాండారు."

భర్త గురించి ఈ మాటలు చెప్పింది ఓబులమ్మ. యాభై ఐదేళ్ళ మనిషి, కుర్చీ అంచున కూర్చుని, నడుముకు దోపుకున్న తాళంచెవిని చీర మీదుగా పదేపదే తడుముకుంటూ ఉంది. మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్ పైన ఉన్న ఆ చిన్న ఆఫీసుకు భయపడుతూ వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. అయితే కలప తడిసిందని ఏడుస్తూ వచ్చిన మనిషి ఈవిడే మొదలు.

బల్లకు అవతల ప్రైవేట్ డిటెక్టివ్ పుణ్యవతి కూర్చుని ఉంది. కాకినాడ మనిషి. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైంది. ఆవిడ ముందు అబద్ధం చెప్పిన వర్తకులు చాలామంది ఉన్నారు గానీ, చెప్పి నెగ్గినవాడు ఒక్కడూ లేడు. పక్కనే నోటుబుక్కుతో అసిస్టెంట్ ఆదర్శ్. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరుగా మంచి జీతం వదులుకుని ఈవిడ దగ్గర చేరాడు. అతనికి పిచ్చి పట్టిందని స్నేహితులు అనుకున్నారు. సైబరాబాద్ మొత్తానికీ తెలివైన నిర్ణయం తీసుకున్నది తనొక్కడేనని అతని నమ్మకం.

"ముందు కాసిని మంచినీళ్ళు తాగండి. తర్వాత మొదటి నుంచీ చెప్పండి. ఎవరి కలప? ఎక్కడుంది?" అంది పుణ్యవతి.

ఓబులమ్మ చెప్పింది. బోరబండ స్టేషన్ వెనక ఉదయ్ భాస్కర్ అనే ఆయన కలప డిపో ఉంది. ఆమె భర్త పుల్లయ్య అక్కడి గోడౌన్‌కి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కాపలాదారు. కాపలా అంటే కర్ర పట్టుకుని కూర్చోవడం కాదు. పచ్చి కలపను ఆరబెట్టి, పనికి వచ్చేదాకా తేమ తగలకుండా కాపాడటం ఆయన పని. డిపోలోనే ఒక గదిలో కాపురం. మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీ కొత్త ఆడిటోరియం కడుతోంది. దాని వేదిక కోసం నూట నలభై టేకు పలకలను ఆయన పద్నాలుగు నెలలు ఆరబెట్టాడు.

"రెండు కండ్లకూ శుక్లాలమ్మా. నేనే బలవంతంగా ఆపరేషన్‌కి తీస్కపోయినా. ఒక కన్ను మానినాక ఇంకో కన్ను చేసిరి, అంతదాకా ఆడనే ఉంటిమి. ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో ఆయప్ప గోడౌన్ విడిచింది ఆ నాలుగు వారాలే. తలుపుకు తాళమేసి, చెవి నా నడుముకు పెట్టుకున్యా. పండుకునేటప్పుడు గూడా తీయలే. మొన్న శనివారం వచ్చి తలుపు తెరిస్తే గుప్పుమని పుట్టగొడుగుల వాసన! పలకల మీద తెల్లగా బూజు."

"ఈ నాలుగు వారాల్లో వాన పడిందా?"

"యాడ వానమ్మా! రోహిణి కార్తె. కాకులు గూడా నీడకు చేరినాయి."

"పైకప్పు కారిందా? లోపల నీళ్ళ గొట్టం ఏదైనా ఉందా?"

"కప్పుకు చిల్లు లేదు. గొట్టం లేదు. నేల పొడిగా ఉండాది. అందుకే సారు ఏమన్నాడంటే, 'నువ్వసలు ఆరబెట్టనే లేదు, ఇన్ని నెలలూ గోడ మీద దొంగ లెక్కలు రాసినావు' అన్నాడు. ఆదివారంలోపు గది ఖాళీ చేయమన్నాడు." ఓబులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పని పోతే పోనీమ్మా. ఆయప్ప ఇప్పుడేమంటాండాడో తెలుసునా? 'సంవత్సరం నుంచి నా చూపు మసకే గదా. కట్టె తూచే కాటా ముల్లు ఒక చోట ఉంటే ఇంకో చోట చూసినానేమో. తప్పు నాదేనేమో' అంటాండాడు. తన కండ్ల మీద తనకే నమ్మకం పాయ. ఇంక ఆ మనిషిని ఎట్ల బతికించుకునేది?"

పుణ్యవతి లేచి, బీరువాలోంచి ఒక గుడ్డసంచి తీసింది. అందులో నగల కొట్లో వాడే చిన్న త్రాసు, ఒక కిలో ఇత్తడి బాటు ఉన్నాయి. రిటైరైన రోజున తోటివాళ్ళు శాలువాకు బదులు ఆ బాటు ఇచ్చారు. ఆవిడకు దాని మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండదు.

"పదండి, చూద్దాం. ఆదర్శ్, ఈ సంచి నువ్వు పట్టుకో" అంది.

బోరబండకు ఆటోలో వెళ్ళేసరికి పదకొండు దాటింది. పుల్లయ్య గోడౌన్ బయట ఒక మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకున్నాడు. వీళ్ళను చూడగానే లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"మీకెందుకమ్మా ఈ ఎండలో శ్రమ. తప్పు నాదే అయ్యుంటాది" అన్నాడు.

"అది తూచి చెప్తాను లెండి" అంది పుణ్యవతి.

తలుపు తెరవగానే ఆదర్శ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. నేల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద దుంగలు పరిచి, ఆపైన పలకలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఏ పలకా నేలను గానీ, గోడను గానీ, ఇంకో పలకను గానీ తాకడం లేదు. ప్రతి వరసకూ మధ్య సన్నటి కర్ర పట్టీలు ఉన్నాయి. వడ్రంగులు వాటిని రీపర్లంటారు. కింది రీపరు మీద సరిగ్గా పై రీపరు, దాని మీద ఇంకోటి, కింది నుంచి పైదాకా దారం పట్టి గీసినట్టు ఒకే గీతలో నిలబడి ఉన్నాయి. పలకల కొనలన్నిటికీ జాజుమన్ను కలిపిన మైనం పూసి ఉంది. తను పనిచేసిన అద్దాల మేడల్లో ఎక్కడా ఇంత పద్ధతి చూడలేదు ఆదర్శ్. నలభై మంది కూర్చుని మీటింగులు పెట్టుకున్నా ఇలాంటిది ఒక్కటి తయారు చేయలేరని అతనికి గట్టిగా అనిపించింది.

"ఈ రీపర్లు ఎందుకండీ?" అని అడిగాడు.

"గాలికి దావ నాయనా. కట్టెకు తడి తగిలితే పెద్ద మోసం లేదు. తగిలిన తడి బయటికి పోయే దావ లేకుంటేనే మోసం. రీపర్లు అటూ ఇటూ తప్పినాయంటే పలక వంగిపోతాది. కొనలకు మైనం ఎందుకంటే, కట్టె కొనల్లోంచే బిరబిరా ఆరి పగుల్తాది." ఈ నాలుగు మాటలు చెప్పేటప్పుడు మాత్రం పుల్లయ్య గొంతులో దిగులు లేదు.

పుణ్యవతి పలకల చుట్టూ నెమ్మదిగా తిరిగింది. బూజు అన్ని చోట్లా ఒకేలా లేదు. పడమటి గోడ వైపు, అందులోనూ పై వరసల్లో దట్టంగా ఉంది. కిందికి వచ్చేకొద్దీ పలచబడింది. తూర్పు చివర దాదాపు లేదు. "రాసుకో" అంది ఆదర్శ్‌తో.

తలుపు పక్క గోడ మీద సుద్దముక్కతో రాసిన అంకెలు, పై నుంచి కింది దాకా అరవై ఒకటి ఉన్నాయి. మొదటిది 2,140. చివరిది 1,720.

"అది సాక్షి లెక్కమ్మా" అన్నాడు పుల్లయ్య. పలకల మధ్యలోంచి మూరెడు టేకు ముక్క ఒకటి లాగి చూపించాడు. "ఈ కట్టెలోనే కోసిన ముక్క. దీన్ని కట్టె నడుమనే పెడతా. శుక్రవారం శుక్రవారం తీసి తూస్తా. కట్టె ఆరేకొద్దీ ఇది తేలికైతాది. ఇంక తగ్గకుండా నిలబడిందంటే కట్టె సిద్ధమైనట్లు. మే ఒకటో తేదీ శుక్రవారం చివరిసారి తూసినా. గ్రాములు పదిహేడు వందల ఇరవై. మరునాడు దవాఖానకు పోయినా."

"అప్పుడు ముల్లు కనిపించేదా మీకు?"

పుల్లయ్య తల దించుకున్నాడు. "మసగ్గా. ముక్కు ఆనించి చూస్తా ఉంటి."

పుణ్యవతి గోడకు వేలాడుతున్న కాటాకు తన ఇత్తడి బాటు తగిలించింది. ముల్లు సరిగ్గా కిలో దగ్గర ఆగింది. తర్వాత సాక్షి ముక్కను తగిలించింది. 1,840. కాటా మంచిదే. అంటే ముక్క నిజంగానే నీళ్ళు తాగింది. లేదా పాత అంకె అబద్ధం.

పడమటి గోడకు పైన, గాలి కోసం వదిలిన జాలీ ఇటుకలు ఒక వరస ఉన్నాయి. పుణ్యవతి నిచ్చెన తెప్పించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, అరవై ఏళ్ళ వయసులో చకచకా ఎక్కేసింది. ఆదర్శ్ కింద నిచ్చెన పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడ్డాడు. జాలీ చిల్లుల అంచుల్లో తెల్లటి పొరలాంటిది గట్టిపడి ఉంది. గోటితో గీకి నాలుక మీద వేసుకుంది. ఒక చిల్లులో గోధుమరంగు పీచు ఇరుక్కుని ఉంది. దాన్ని వాసన చూసి కాగితంలో మడిచింది. చిల్లులకు అవతలి వైపు థర్మోకోల్ అడ్డం పెట్టి ఉంది.

"ఈ గోడకు అవతల ఏముంది పుల్లయ్య గారూ?"

"సామాన్ల గది ఉండె. నేను దవాఖానలో ఉన్నప్పుడు దినేష్ సారు ఆఫీసు చేసుకున్నాడంట."

దినేష్ ఆ డిపోకు కొత్త మేనేజరు. ముప్ఫై ఏళ్ళవాడు. కడప జిల్లాలో పుట్టి, గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగం చేసి, మూడు నెలల క్రితం ఇక్కడ చేరాడు. అతని గది చల్లగా ఉంది. రేకుల కప్పు కింద ఒక ట్యూబ్‌లైట్, గోడకు తళతళలాడే కొత్త ఏసీ, బల్ల మీద కంప్యూటరు, మూలగా సీసీ కెమెరాల రికార్డరు పెట్టె. గోడౌన్ వైపు గోడ మీద, ఎత్తున, బాణాలూ డబ్బాలూ గీసిన ఒక పెద్ద తెల్లబోర్డు ఉంది. ఆ ఎత్తులో దాని మీద ఎవరూ రాయలేరు.

"మేడమ్, నాకు ఎవరి మీదా పర్సనల్‌గా ఏం లేదు. డేటా చూడండి. తేమ కొలిచే మీటర్‌లో రీడింగ్ నూటికి ఇరవై ఒకటి వచ్చింది. పన్నెండు ఉండాలి. గోడ మీద సుద్దతో రాసుకుంటే దాన్ని సిస్టమ్ అంటామా?" అన్నాడు దినేష్.

"నిజమే బాబూ. ఈ ఏసీ ఎప్పుడు పెట్టించారు?"

"రీసెంట్‌గానే."

"మరి అంతకు ముందు ఈ రేకుల కింద, ఈ ఎండలకు ఎలా తట్టుకున్నారు?"

"ఫ్యాన్ ఉండేది కదా మేడమ్."

పుణ్యవతి పైకి చూసింది. ఫ్యాను తగిలించే కొక్కెం లేదు. బయటికి వచ్చాక ఆ గది కిటికీ దగ్గర ఒక క్షణం ఆగింది. కిటికీ కింద నేల మీద ఇనుప స్టాండు కాళ్ళ తుప్పు మరకలు నాలుగు ఉన్నాయి. డిపో ఊడ్చే చంద్రమ్మ పక్కనే నీడన కూర్చుని కుడి భుజం నొక్కుకుంటోంది.

"ఏమైందమ్మా భుజానికి?"

"ఏమున్నది మేడం, మోసీ మోసీ పట్టేసింది. ఇప్పుడు జర నయం. పోయిన వారం నుంచి మోసుడు లేదు."

"ఏం మోసేదానివి?"

చంద్రమ్మ దినేష్ గది వైపు చూసి, చీపురు తీసుకుని లేచింది. "నాకేం ఎర్క లేదు మేడం. నన్ను అడగకుండ్రి."

ఈలోగా కారు ఆగి ఉదయ్ భాస్కర్ దిగాడు. భీమవరం నుంచి వచ్చి వ్యాపారంలో స్థిరపడ్డ పెద్దమనిషి. ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది.

"నేనూ మనిషినేనండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు కళ్ళు మూసుకుని నమ్మాను. మే నెల మొదట్లో 'పన్నెండుకు దిగింది సామీ' అని నాతో చెప్పి వెళ్ళాడు. వచ్చి చూస్తే ఇరవై ఒకటి. తాళం ఆయన భార్య దగ్గరే ఉంది. వాన లేదు. మరి నీళ్ళు ఆకాశం నుంచి ఊడిపడ్డాయాండి? పదిహేనో తారీఖున కంపెనీవాళ్ళకు వేదిక మొదలుపెడతానని మాటిచ్చాను."

"మీరు అడిగింది సరైన ప్రశ్నేనండి" అంది పుణ్యవతి. "నాకు ఒక్క పలక కోయడానికి అనుమతివ్వండి. శుక్రవారం పొద్దున పది గంటలకు జవాబు చెప్తాను."

పలకను పుల్లయ్యే కోశాడు. వేరేవాళ్ళను రంపం ముట్టనివ్వలేదు. సరిగ్గా మధ్యలో, గీత గీయకుండానే నిటారుగా కోశాడు. పైపొర నుంచి తీసిన పెచ్చులు ఒక కవర్లో, నడిమి చెక్క ముక్కలు ఇంకో కవర్లో వేసి గట్టిగా మూతి కట్టింది పుణ్యవతి.

మర్నాడు ఆ కవర్లు నల్లగండ్లలో ఆదర్శ్ ఉండే అపార్ట్‌మెంట్‌కి చేరాయి. అతని భార్య ప్రియాంక కేకులు చేసుకునే ఓవెన్‌లో టేకు ముక్కలు వేడికి ఆరుతుంటే, ఆ పిల్ల నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"డిటెక్టివ్ ఉద్యోగమంటే దొంగల వెంట పరిగెత్తడం అనుకున్నానండీ. నా ఓవెన్‌లో బల్లలు వండుతారని ఎవరూ చెప్పలేదు."

"కొత్త ఓవెన్ నేను కొనిపెడతాను తల్లీ. గంటకోసారి తూచి రాసుకో ఆదర్శ్. బరువు ఇంక తగ్గడం మానేసినప్పుడు చెప్పు" అంది పుణ్యవతి, సోఫాలో పేపరు చదువుకుంటూ.

సాయంత్రానికి లెక్క తేలింది. వంద గ్రాముల పైపెచ్చు ఎనభై మూడు గ్రాములైంది. వంద గ్రాముల నడిమి చెక్క ఎనభై తొమ్మిది దగ్గర ఆగింది. ఎండిన చెక్క బరువుకు నీళ్ళెన్ని పాళ్ళో లెక్క కడితే, పైన నూటికి ఇరవై, నడుమ పన్నెండు.

ఆదర్శ్ ఆ అంకెలను ఎటు తిప్పి చూసినా అతనికి ఏమీ తోచలేదు. పుణ్యవతి మాత్రం పేపరు మడిచి, ఈ రెండు రోజుల్లో మొదటిసారి హాయిగా నవ్వింది.

శుక్రవారం పది గంటలకు అందరూ గోడౌన్‌లో చేరారు. ఉదయ్ భాస్కర్‌కి ఒక కుర్చీ వేశారు. దినేష్ ఫోను చూసుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. చంద్రమ్మ గోడకు ఒదిగింది. పుల్లయ్య పలకల పక్కన, ఆయన వెనక టిఫిన్ క్యారియరుతో ఓబులమ్మ ఉన్నారు. పొద్దున తెచ్చిన సంగటి అందులో అలాగే ఉంది.

"ఇక్కడ రెండు ప్రశ్నలు ఉన్నాయండి" అని మొదలుపెట్టింది పుణ్యవతి. "ఒకటి, ఈ కలప ఎప్పుడైనా ఆరిందా, లేదా? రెండు, ఆరితే మళ్ళీ ఎలా తడిసింది? మొదటిదానికి జవాబు కలపే చెప్పింది. ఉతికిన దుప్పటి ఎండలో వేస్తాం. ముందు ఏది ఆరుతుంది? పైభాగం. మడత లోపల తడిగానే ఉంటుంది. పచ్చి కలప కూడా అంతే. ఆరబెట్టకుండా వదిలేసిన పలకను కోస్తే, పైన పొడిగానూ నడుమ తడిగానూ ఉండాలి. పుల్లయ్య గారు కోసిన పలకలో ఏముంది ఆదర్శ్?"

"పైన ఇరవై, నడుమ పన్నెండు మేడమ్!" అన్నాడు ఆదర్శ్. చెప్పేటప్పుడే అతనికి సంగతి వెలిగి, గొంతు పెద్దదైంది.

"తలకిందులుగా ఉంది. అంటే ఈ కలప పూర్తిగా ఆరింది. తర్వాత బయటి నుంచి తేమ పట్టింది. ఆ తేమ ఇంకా నడుముకు చేరలేదు. దినేష్ గారి మీటరు తప్పు చెప్పలేదండి. చెక్కలో గుచ్చే దాని మేకులు చిన్నవి. పైపొర సంగతే చెప్పింది." ఆవిడ పుల్లయ్య వైపు తిరిగింది. "మే మొదట్లో మీరు యజమానికి ఎంత అని చెప్పారు?"

"పన్నెండు" అన్నాడు పుల్లయ్య, వినీ వినపడకుండా.

"నడిమి చెక్క కూడా పన్నెండనే అంటోంది. మసక కళ్ళతో ముక్కు ఆనించి చూశారు. అయినా ఒక్క పాలు కూడా తప్పలేదు. నేను ముప్ఫై మూడేళ్ళు కాటాలు చూసినదాన్ని పుల్లయ్య గారూ. మంచి కళ్ళున్న ఇన్‌స్పెక్టర్లే ఇంత నికరంగా చూడరు."

పుల్లయ్య నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఓబులమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక రెండోది" అంది పుణ్యవతి. "నేల నుంచి చెమ్మ ఎక్కి ఉంటే కింది వరసల్లో బూజు ఎక్కువుండాలి. ఎవరో బకెట్లతో పోసి ఉంటే నేల మీద మరకలుండాలి. అవేమీ లేవు. బూజు పడమట, పైన, ఆ జాలీ ఎదురుగా ఉంది. అంటే తేమ నీళ్ళ రూపంలో రాలేదు. గాలిలో వచ్చింది. జాలీ అంచుల్లో ఉప్పు పేరుకుంది. బోరు నీళ్ళ ఉప్పు. చిల్లులో ఇది దొరికింది." కాగితం విప్పి పీచు చూపించింది. "వాసన చూడండి. వట్టివేరు. హైదరాబాదులో వేసవి గడిపిన ఎవరికైనా ఈ వాసన తెలుసు."

"కూలర్!" అన్నాడు ఉదయ్ భాస్కర్, కుర్చీలోంచి సగం లేచి.

"కూలరేనండి. పక్క గది కిటికీలో స్టాండు మీద పెట్టారు. తుప్పు మరకలు ఇంకా పోలేదు. కూలరు గాలికి బయటికి పోయే దారి ఉండాలి. తలుపు మూస్తే ఆ గదిలో ఉన్న దారి ఈ జాలీ ఒక్కటే. ఇటు గాలి ఆడాలని పుల్లయ్య గారు ముప్ఫై ఏళ్ళుగా కాపాడుకున్న చిల్లులవి. వాటిలోంచే నాలుగు వారాలు తడిగాలి వచ్చి పడింది. చంద్రమ్మా, భుజం పట్టేలా ఏం మోశావో ఇప్పుడైనా చెప్పు. నీ పనికి ఏమీ కాదు, నాదీ పూచీ."

చంద్రమ్మ యజమాని వైపు చూసింది. ఆయన తలూపాడు. "దినాం ఆరు బకీట్లు కూలర్ల పోసిన సారూ. రాత్రి గూడ బంద్ చెయ్యలె. కంప్యూటరు వేడి అయితదని అన్నడు. పోయిన గురువారం కూలర్ తీసేసి, ఎవ్వరికీ చెప్పకు అన్నడు. తెల్లారే ఏసీ పెట్టించిండు. నౌకరి పోతదని నోరు మూసుకున్న."

అందరూ దినేష్ వైపు తిరిగారు.

"కావాలని చేయలేదు సార్" అన్నాడు. "నిజంగా తెలీదు. చల్లగాలి కట్టెను ఏం చేస్తుందిలే అనుకున్నా."

"ఆ మాట నేను నమ్ముతున్నాను" అంది పుణ్యవతి. "రోహిణి కార్తెలో ఆఫీసుకు కూలరు పెట్టుకోవడం నేరం కాదు. ఇటు పక్క ఏముందో తెలియకపోవడం తప్పు, అంతే. కానీ గురువారం నాడు జాలీలోంచి బూజు చూశారు. మర్నాడు ఏసీ పెట్టించారు. చిల్లులకు థర్మోకోల్ అడ్డం పెట్టి, పైన తెల్లబోర్డు తగిలించారు. శనివారం ఈ పెద్దాయన తలుపు తెరిచినప్పుడు, మీటరు పట్టుకుని వచ్చి రీడింగ్ చదివారు. కలప తడవడం పొరపాటు. ఇది మాత్రం పొరపాటు కాదు బాబూ."

దినేష్ చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసు భాష అంతా జారిపోయి, చిన్నప్పటి మాట బయటికొచ్చింది. "భయమైందమ్మా. పాత పద్ధతి పనికిరాదని నేనే సార్‌తో చెప్పినా. ఆ పెద్దాయన పద్నాలుగు నెలలు చేసింది నేను నాలుగు వారాల్లో చెడగొట్టినా. ఎట్ల చెప్పేది?" పుల్లయ్య వైపు చూడలేక నేల చూశాడు. "తప్పైపాయ పెద్దాయనా."

ఉదయ్ భాస్కర్ లేచి నిలబడ్డాడు. ముందు పుల్లయ్య దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. "దొంగ లెక్కలన్నాను పుల్లయ్యా. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు." తర్వాత దినేష్ వైపు తిరిగాడు. "నువ్వు ఈరోజే..."

"ఉండు సామీ" అన్నాడు పుల్లయ్య. పలకల దగ్గరికి వెళ్ళి, బూజును బొటనవేలితో తుడిచి, కింద పసుపుపచ్చగా మెరుస్తున్న టేకును దగ్గరగా చూసుకున్నాడు. "పైపైనే. బూజు కొట్టేసి, రెండు పక్కలా ఫ్యాన్లు పెట్టి గాలి ఆడిస్తే మూడు వారాలు. చిత్రిక పడితే మచ్చ గూడా ఉండదు. వాన జల్లు లోపలికి కొడితే పైన తాటిపత్రి పట్టా కప్పల్ల. పక్కలు మాత్రం మూయగూడదు. ఇదంతా ఒక్కన్ని చేయలేను. ఈ పిల్లోడు ఉండనీ. నా తర్వాత ఎవురో ఒకరు చూసుకోవల్ల గదా."

"ఇంత జరిగినాక కూడానా?"

"కట్టె తడిసిందని పారేస్తామా సామీ? ఆరబెట్టుకుంటాం."

ఉదయ్ భాస్కర్ ఫోను తీసి, కంపెనీవాళ్ళతో వేదిక ఆలస్యమవుతుందనీ, ఎందుకో దాచకుండా చెప్తాననీ అన్నాడు.

"ఈ దినం శుక్రవారం" అన్నాడు పుల్లయ్య. సాక్షి ముక్కను తీసి కాటాకు తగిలించాడు. అలవాటు కొద్దీ ముక్కు ఆనించబోయి ఆగాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. అంత దూరం నుంచీ ముల్లు స్పష్టంగా కనిపిస్తూ ఉంటే, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆదర్శ్‌కి కళ్ళు చెమర్చాయి. తన పాత కంపెనీలో ఎవరూ ఏ అంకెను చూసీ ఇలా నవ్వలేదు. పక్కన ఇత్తడి బాటును గుడ్డతో తుడుచుకుంటున్న పుణ్యవతిని చూసి, ఈవిడ దగ్గర చేరినందుకు మరోసారి గర్వపడ్డాడు.

పుల్లయ్య సుద్దముక్క తీసి దినేష్ చేతిలో పెట్టాడు. దినేష్ గోడ మీది అరవై ఒక్క అంకెల కింద నిలబడి తడబడ్డాడు.

"ఎంత రాయమంటారు?"

"ముల్లు ఎంత చెప్తే అంత రాయప్పా."

దినేష్ కాటా వైపు చూసి, 1,835 అని రాశాడు. పుల్లయ్య ఆ అంకెను చూసుకుని, నల్లద్దాలు మళ్ళీ పెట్టుకుని, భార్య వైపు తిరిగాడు.

"ఓబులా, సంగటి ఉందా? ఆకలైతాంది."